మకరందం ఎవరికి, పుప్పొడి ఎవరికి?

కొన్నేళ్ల కిందట తమిళనాడు సరిహద్దు ప్రాంతంలోని ఒక తెలుగు బడిలో ఏడో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ‘పరాగ సంపర్కం అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఒకమ్మాయి, ‘తుమ్మెద ఒక పువ్వులోని మకరందాన్ని ఇంకో పువ్వుకు చేర్చడం’ అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి సున్నా వేశాను. మర్నాడు ఆ అమ్మాయి పత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ‘సార్, మా ఎదురింటి అక్క పుస్తకంలో అలాగే ఉంది’ అంది. ఎదురింటి అక్క తమిళ మాధ్యమంలో చదువుతోంది. ఆ పుస్తకం తెప్పించి చూశాను. పిల్ల చెప్పింది నిజమే. తమిళ పాఠ్యపుస్తకంలో ‘మగరందం’ అంటే పుప్పొడి. పరాగ సంపర్కాన్ని వాళ్లు ‘మగరంద సేర్కై’ అంటారు. మనకు మకరందం అంటే పూతేనె. ఒకే మాట, రెండు భాషల్లో రెండు వస్తువులు. ఆ పిల్లకు తెలిసిన విషయం సరైనదే. రెండు భాషల మధ్య నడుస్తూ కాలు జారింది, అంతే. జారే చోటు అక్కడ ఉందని ముందుగా చెప్పాల్సింది నేను. చెప్పలేదు. సున్నా ఎవరికి వేయాలో నాకు అర్థమైంది.

మార్కు ఇచ్చేశాను. అక్కడితో పోయే విషయమే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. మకరందం, పుప్పొడి అన్న ఈ రెండు మాటలూ కలిసిపోతే పువ్వు గురించిన అసలు కథే చేజారుతుంది. మన బడుల్లో ఆ కథను చెప్పకుండానే పాఠం ముగించేస్తున్నామన్నది నా ఫిర్యాదు. సరిగ్గా చెబితే అదే పాఠం తెలుగులో సైన్సు చదవడం ఎందుకో తల్లిదండ్రులకు చూపించగలదన్నది నా నమ్మకం.

కథ ఏమిటో చూద్దాం. రైతు ఇంట్లో రెండు రకాల ధాన్యం ఉంటుంది. కూలికి కొలిచేది ఒకటి, వచ్చే పంటకు దాచుకునే విత్తనం ఒకటి. కూలి ఇవ్వకపోతే పనికి ఎవరూ రారు. విత్తనం తినేస్తే వచ్చే ఏడు చేను బీడు. పువ్వుదీ ఇదే లెక్క. మకరందం కూలి. పుప్పొడి విత్తనం లాంటిది. ఇంకో పువ్వు కీలాగ్రం మీదికి చేరితేనే కాయ, గింజ. చిక్కెక్కడంటే, తేనెటీగలకు పుప్పొడి కూడా ఆహారమే. తేనెలో ఉండేది ప్రధానంగా చక్కెర. పిల్ల ఈగలు ఎదగడానికి కావలసిన మాంసకృత్తులు పుప్పొడిలోనే ఉన్నాయి. అందుకే తేనెటీగ దాన్ని తేనెతో తడిపి, ముద్ద చేసి, వెనక కాళ్లకు అంటించుకుని పట్టుకు మోసుకుపోతుంది. అలా ముద్దయిన పుప్పొడి మొక్కకు దక్కనట్టే. చాలా పువ్వుల్లో నూటికి ఒక్క రేణువు కూడా మరో పువ్వు కీలాగ్రాన్ని చేరదు. కూలికి పిలిచినవాడే విత్తనం బస్తా ఎత్తుకుపోతుంటే రైతు ఏం చేయాలి? తలుపు మూస్తే పని జరగదు, బార్లా తెరిస్తే గాదె ఖాళీ. పువ్వు ముందున్న ప్రశ్న అదే.

పిల్లలు ఈ ప్రశ్న వరకూ వస్తే చాలు, జవాబులు బడి గోడ పక్కనే ఉన్నాయి. తంగేడు తెలియని తెలుగువాడు ఉండడు. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో మొదట పేర్చే పువ్వు. తమిళనాడులో అదే ఆవారం పూవు. భోగినాడు వేపాకుతో కలిపి ఇంటి చూరుకు కట్టేది అదే. కన్నడిగులకు ఆవరికె, మరాఠీవారికి తరవడ్. సోలాపూర్ రాళ్ల నేలలోనూ, పావగడ మెట్టల్లోనూ, హోసూరు బాటల పక్కనా పూస్తుంది. ఆ పువ్వును ఒకసారి అరచేతిలో పెట్టుకుని పిల్లలచేత కేసరాలు లెక్కపెట్టించండి. పది ఉంటాయి. పది ఒకేలా ఉండవు. పైన మూడు చిన్నవి, వట్టివి. మధ్యలో కొన్ని పొట్టివి. కిందివైపున కొన్ని పొడవుగా, వంకీ తిరిగి బయటికి చాచుకుని ఉంటాయి.

తంగేడులో మకరందం లేదు. అంటే కూలి కూడా పుప్పొడితోనే ఇవ్వాలి. కూలీ విత్తనమూ ఒకే ధాన్యమైనప్పుడు రైతు ఏం చేస్తాడు? రెండు గాదెలు పెడతాడు. తంగేడు చేసిందీ అదే. నల్ల తుమ్మెద వచ్చి మధ్యలోని పొట్టి కేసరాలను పట్టుకుని వేలాడుతూ అక్కడి పుప్పొడిని దులుపుకుంటుంది. అదే సమయంలో కింది పొడుగు కేసరాలు దాని వీపుకూ పక్కలకూ తగిలి అక్కడ పుప్పొడి చల్లుతాయి. తుమ్మెద ఒళ్లంతా కాళ్లతో తుడుచుకోగలదు గానీ వీపు మధ్యలో కాలు అందదు. అందనిచోట అంటిన పుప్పొడే తరువాతి పువ్వుకు చేరుతుంది. పొట్టి కేసరాలు తిండికి, పొడుగువి సంతానానికి.

ఈ పని విభజనను 1880ల్లో వివరించినవాడు హెర్మన్ ముల్లర్. జర్మనీలో లిప్‌స్టాట్ అనే చిన్న ఊళ్లో బడి పంతులు. బ్రెజిల్‌లో స్థిరపడిన ఆయన అన్న ఫ్రిట్జ్ అక్కడి మొక్కల్లో చూసిన విషయాలు రాసి పంపేవాడు. అంతటి డార్విన్ కూడా ఒకే పువ్వులో రెండు రకాల కేసరాలు ఎందుకున్నాయని ఏళ్ల తరబడి తల పట్టుకున్నాడు. ముల్లర్‌కు ముందు, 1793లో, పువ్వుల నిర్మాణానికీ పురుగుల రాకకూ సంబంధం ఉందని పెద్ద పుస్తకం రాసిన క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్ కూడా బెర్లిన్ దగ్గరి స్పాండౌలో ప్రధానోపాధ్యాయుడే. ఒక అడవి పువ్వు రేకుల అడుగున సన్నటి నూగు చూసి, ఇది వాన చినుకుల నుంచి తేనెను కాపాడటానికేమోనని అనుమానించడంతో ఆయన పని మొదలైంది. ఆ కాలం ఆయన్ను పట్టించుకోలేదు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే ఉద్యోగం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. డార్విన్ 1841లో ఆ పుస్తకం చదివాకే దాని విలువ లోకానికి తెలియడం మొదలైంది. ఈ ఇద్దరి దగ్గరా పెద్ద ప్రయోగశాలలేమీ లేవు. చూసే ఓపిక ఉంది. మన ఉపాధ్యాయ మిత్రులకు ఈ సంగతి గుర్తు చేయడం అవసరం అనుకుంటున్నాను.

తంగేడు దొరకకపోతే వంగ. మధ్యాహ్న భోజనానికి కూరగాయల మడి వేసిన ప్రతి బడిలోనూ వంగ మొక్క ఉంటుంది. దాని ఊదా పువ్వు తల వంచుకుని ఉంటుంది. వాన పడితే రేకులు గొడుగు. తడిస్తే పుప్పొడి పాడవుతుంది కాబట్టి ఆ వంపుకు అర్థం ఉంది. మధ్యలో ఐదు పసుపు పరాగకోశాలు దగ్గరదగ్గరగా నిలబడి ఉంటాయి. చాలా పువ్వుల్లో పరాగకోశం నిలువునా పగిలి పొడి బయట పడుతుంది. వంగలో అలా కాదు. కొనన చిన్న రంధ్రం ఉంటుంది, మిరియాల డబ్బా మూతలాగా. మకరందం ఇందులోనూ లేదు. ఊరికే వచ్చి వాలిన ఈగకు ఏదో కొంచెం రాలుతుంది తప్ప గాదె తెరుచుకోదు. తుమ్మెద మాత్రం పరాగకోశాలను కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికిస్తుంది. ఆ వణుకుకు రంధ్రాల్లోంచి పుప్పొడి బుస్సుమని చిమ్ముతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదకూ, నీలి చారల చిన్న ఒంటరి ఈగలకూ వచ్చు. లోకంలో 20 వేలకు పైగా మొక్క జాతులు పుప్పొడిని ఇలా రంధ్రాల వెనుక దాచుకున్నాయి. యూరప్‌లో అద్దాల ఇళ్లలో టమాటా పండించే రైతులు ఒకప్పుడు పూలను చేతి యంత్రాలతో వణికించేవారు. 1980ల చివరి నుంచి ఆ పనికి ఈ విద్య తెలిసిన పెద్ద ఈగలనే పెంచి వదులుతున్నారు.

మన పద్యాల్లో తుమ్మెద ఝుంకారం ఎన్నిసార్లు వినిపిస్తుందో తెలుగు పంతుళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఝుంకారంలో ఒక భాగం తాళం తీసే చప్పుడని సైన్సు పంతులు చెప్పాలి. చెవి పెట్టి వింటే పిల్లలకే తెలుస్తుంది: ఎగిరేటప్పుడు ఒక శ్రుతి, పువ్వు మీద వాలాక క్షణంపాటు ఇంకా పై శ్రుతి. భౌతికశాస్త్రం బీరువాలో మూలన పడి ఉండే శ్రుతిదండాన్ని బయటికి తీయండి. రబ్బరు ముక్క మీద కొట్టి, పొద్దున్నే విచ్చిన వంగ పువ్వు పరాగకోశాలకు ఆనించండి. కింద నల్ల కాగితం పట్టండి. సన్నటి పొడి రాలడం కళ్లారా కనిపిస్తుంది. ధ్వని పాఠం, పువ్వు పాఠం ఒకే పీరియడులో అయిపోతాయి. పైసా ఖర్చు లేదు.

తాళం ఒక్కటే ఉపాయం కాదు. పొద్దుతిరుగుడు కొద్దికొద్దిగా కొలిచి ఇస్తుంది. మనం ఒక పువ్వు అనుకునేది వందల చిన్న పువ్వుల గుంపు. అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరసల చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కరోజే వచ్చి మొత్తం ఎత్తుకుపోయే వీలు ఎవరికీ లేదు. బళ్లారి, సోలాపూర్ వైపు పిల్లలకు చేలోనే చూపించవచ్చు. ఇక మెట్ట చేలలో కలుపుగా పెరిగే వెన్నదేవి కూర. దాని చిన్న నీలి పువ్వులో పసుపు పచ్చగా మెరిసిపోయే భాగాలు చాలావరకు వట్టి కేసరాలు. ఈగను పిలవడానికే ఉన్నాయి. పుప్పొడి ఉన్నవి వేరే, కిందివైపు ముందుకు చాచుకుని ఉంటాయి. అదే మొక్కను వేళ్లతో సహా పీకి చూస్తే ఇంకో వింత. మట్టిలోపల కూడా పువ్వులుంటాయి. అవి ఎప్పటికీ విచ్చుకోవు. ఎవరినీ పిలవవు, ఎవరికీ ఏమీ ఇవ్వవు, తమలో తామే గింజ కట్టుకుంటాయి. పుప్పొడికి అంతకు మించిన భద్రత లేదు. అయినా ఆ మొక్క దానితో సరిపెట్టుకోలేదు. పొద్దున్నే నీలి పువ్వులు కూడా పూయిస్తుంది. మట్టిలోని పువ్వుకు కొత్త కలయిక లేదు. పైన విచ్చిన పువ్వుకు ఉంది.

ఇప్పుడు మాటల సంగతికి వస్తాను. మన పుస్తకాల్లో పువ్వు బయటి వలయం పేరు రక్షక పత్రావళి. లోపలి వలయం పేరు ఆకర్షణ పత్రావళి. ఇంగ్లిష్ మాధ్యమం పిల్లవాడికి అవి కేలిక్స్, కొరొల్లా. మొదటిది గ్రీకు మాట, రెండోది లాటిన్; రెండోదానికి చిన్న దండ అని అర్థం. ఆ మాటలు బట్టీ పట్టిన పిల్లవాడికి అవి ఏం చేస్తాయో విడిగా చెప్పాలి. తెలుగు పిల్లవాడికి పేరులోనే పని ఉంది. ఒకటి రక్షిస్తుంది, ఒకటి ఆకర్షిస్తుంది. పుప్పొడి అంటే పువ్వు పొడి. ‘తెలుగులో సైన్సు మాటలు కష్టం’ అనే తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే: కొరొల్లా కన్నా ఆకర్షణ ఎందులో కష్టం?

అయితే ఆ పేర్ల దగ్గరే ఆగిపోతే మనదీ బట్టీయే. రక్షక పత్రాలు మొగ్గను కాపాడతాయి, నిజమే. మరి పువ్వు విచ్చాక పుప్పొడిని కాపాడేదెవరు? ఈ ప్రశ్న మన మాటలోంచే పుడుతుంది. వంగ పువ్వులో రంధ్రమున్న పరాగకోశం, తంగేడులో రెండు రకాల కేసరాలు, వెన్నదేవిలో వట్టి కేసరాల ఎర అన్నీ దానికి జవాబులే. మాటకు అర్థం తెలిసిన పిల్లే ఆ మాటను ప్రశ్నించగలదు. మాతృభాషలో చదువు అనేదానికి నాకు తెలిసిన సమర్థన ఇదే. గర్వం, సంస్కృతి, వారసత్వం అన్నీ దీని తరువాతే.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. రేపు ప్లస్ టూలో, పీయూసీలో, ప్రవేశ పరీక్షల్లో ఇంగ్లిష్ పదాలే ఎదురవుతాయి. రాష్ట్ర భాష రాకపోతే ఆ రాష్ట్రంలో బతుకు నడవదు. రెండూ నిజమే. అందుకే తెలుగు తప్ప మరో మాట చెవిన పడకూడదన్న పట్టుదల నాకు లేదు. అలాంటి పట్టుదల వల్లనే ఆ అమ్మాయికి సున్నా వేశాను. నేను అడుగుతున్నది వేరు. అర్థం తెలుగులో కట్టండి. పక్క భాషల పేర్లను అదే రోజు, అదే బల్ల మీద, పక్కపక్కన పెట్టండి. కన్నడలో, మరాఠీలో, ఒడియాలో పరాగ అంటే మన పరాగమే. అక్కడి మన పిల్లలకు ఆ మాట రెట్టింపు బలం. తమిళంలో మాత్రం మగరందం అంటే పుప్పొడి; అక్కడ జాగ్రత్త చెప్పాలి. ఈ తేడా పుదుచ్చేరి ప్రాంతంలో ఉన్న యానాం పిల్లలకూ ఏదో ఒకనాడు ఎదురవుతుంది. మూడు భాషల మధ్య పెరిగే పిల్లకు ఇది బరువు అనుకుంటాం. సరిగ్గా చెబితే, ఒకే వస్తువును మూడు వైపుల నుంచి చూసే అవకాశం. ఒకే భాషలో చదివిన పిల్లకు అది లేదు.

‘సిలబస్ పూర్తి చేయడానికే టైము లేదు, తోటలో తిరగడం ఎక్కడ?’ అనే ఉపాధ్యాయులకు కూడా సమాధానం చెప్పాలి. చాలా అల్పసంఖ్యాక బడుల్లో ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూస్తాడని తెలుసు. తెలుగు పుస్తకాలు ఆలస్యంగా వస్తాయని తెలుసు. ఖాళీ పోస్టుల సంగతీ తెలుసు. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు బడి నడుపుకునే హక్కు ఇచ్చింది. 1956లో చేర్చిన 350(ఎ) అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయమని రాష్ట్రాలకు చెప్పింది. వాటి కోసం అడగడం మానకూడదు. కానీ పుస్తకం వచ్చేదాకా తంగేడు ఆగదు. పుస్తకం రాని నెలలోనే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే దీనికి పుస్తకం అక్కర్లేదు.

నేను కోరేది నాలుగు పనులు. ఒకటి: తరగతి గోడ మీద ఒక అట్ట. పుప్పొడి, మకరందం, కేసరం, కీలాగ్రం అన్న నాలుగు మాటలు. ఎదురుగా మీ రాష్ట్ర భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ వాటి పేర్లు. పక్క బడి ఉపాధ్యాయుణ్ని అడిగి సరిచూసి రాయండి. రెండు: ఏడాదిలో ఒక్క పొద్దు పిల్లలను ఒక మొక్క ముందు కూర్చోబెట్టి, పావుగంటసేపు ఏ పువ్వు మీద ఎవరు వాలారో, ఏం తీసుకున్నారో, ఒంటి మీద పొడి ఎక్కడ అంటిందో రాయించండి. ఈగలను పట్టుకోకుండా దూరం నుంచి చూడాలని మాత్రం గట్టిగా చెప్పండి. మూడు: పరీక్షలో ‘పరాగ సంపర్కం నిర్వచించుము’ బదులు, ‘వంగ పువ్వులో మకరందం లేదు, అయినా తుమ్మెద ఎందుకు వస్తుంది? వచ్చిన తుమ్మెద పుప్పొడి అంతా తినేయకుండా పువ్వు ఏం చేసింది?’ అని అడగండి. బట్టీ పట్టిన జవాబు దీనికి పనికిరాదు. నాలుగోది తల్లిదండ్రులకు: బడి నుంచి వచ్చిన పిల్లను ‘ఎన్ని మార్కులు?’ అని అడిగే ముందు, పెరట్లోని ఏదో ఒక పువ్వు చూపించి, ‘ఇది ఎవరిని పిలుస్తోంది, ఏం దాస్తోంది?’ అని తెలుగులో అడగండి. జవాబు తెలుగులో వస్తే మీ పిల్ల చదువు సరైన దారిలో ఉన్నట్టే. ఆ జవాబును రేపు ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం చిన్న పని. లేని జవాబును ఏ భాషలోకీ మార్చలేం.

పువ్వు నుంచి మనుషులకు నీతులు తీయడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు. పువ్వుకు ఉద్దేశాలు ఉండవు. అయినా మన బడుల గురించి మాట్లాడేటప్పుడు వెన్నదేవి గుర్తుకు వస్తూనే ఉంటుంది. మన భాషను కాపాడుకోవడం అంటే మట్టిలోపలి పువ్వులా మూసుకోవడమని కొందరు అనుకుంటారు. బార్లా తెరుచుకుని ఉన్నదంతా ఇచ్చేయడమే తెలివని ఇంకొందరు అనుకుంటారు. బడి గట్టున పెరిగే ఆ కలుపు మొక్క మాత్రం కింద దాచుకుంటూనే పైన పూస్తుంది.

ఆ అమ్మాయి పత్రం మీద సున్నా కొట్టేసి మార్కు వేశాక, పక్కనే ఒక వాక్యం రాశాను: ‘తమిళంలో ఇది సరి. తెలుగులో పుప్పొడి అనాలి. రెండూ గుర్తుంచుకో.’ అది మొదటి రోజే నల్లబల్ల మీద రాయాల్సిన వాక్యం. ఈ ఏడాది మీ తరగతిలో పువ్వు పాఠం వచ్చినప్పుడు దానితోనే మొదలుపెట్టండి.